ఊరి సొమ్మునకు లెక్క యడుగువారెవరు?

మన యిండ్లలో లెక్క తప్పినచో నూరకుండువారు లేరు. పాలవాఁడు నెలలో రెండు పూటలు రాకపోయినచో ఆ రెండు పూటల గుర్తులును గోడమీఁది క్యాలెండరులో నుండును. చాకలి పద్దు వేఱు, కిరాణా దుకాణపు పద్దు వేఱు, చీటీపాటల పద్దు వేఱు. కొడుకునకు నూఱు రూపాయలిచ్చి బజారునకుఁ బంపిన తల్లి, వాఁడు తిరిగి వచ్చిన తోడనే దేనికెంత యైనది, ఎంత మిగిలినది అని యడుగక మానదు. అట్లడుగుట కొడుకుమీఁది యనుమానముచేతఁ గాదు. ఇంటి సొమ్మునకు లెక్క యుండవలెనను ధర్మముచేత. ఇంతటి జాగ్రత్త గల మనము గడప దాఁటి వీథిలో నడుగు పెట్టఁగానే ఏమగుచున్నాము? ఇంటి పన్ను కట్టుదుము; నీటి పన్ను కట్టుదుము; కొన్న ప్రతి వస్తువుమీఁదను పన్ను కట్టుదుము. ఆ సొమ్ము ఎక్కడికిఁ బోయినది, పద్దు ఎవరు వ్రాసిరి, ఎవరు సరిచూచిరి అని జన్మమధ్యమున నొక్కసారి యైన నడిగిన గృహస్థులు మన వీథిలో నెందఱు గలరు?

ఈ వ్యాసమునఁ జెప్పఁదలఁచినది యొక్కటియే. ప్రభుత్వ కార్యాలయముల లెక్కలను సరిచూచు విధానము మన దేశమున లేక కాదు. చట్టములు గలవు, ఆడిటర్లు గలరు, ఏఁటేఁట నివేదికలు వ్రాయఁబడుచున్నవి. ఆ నివేదికలు సొమ్ము గల యజమానుల చెవిని పడుటయే లేదు. యజమాని వినని లెక్క లెక్క కాదు. బీరువాలో నుంచిన కాగితము. ఆ కాగితమును బీరువానుండి తెప్పించుకొని చదువు భారము చదువుకొన్న గృహస్థులమీఁదను గృహిణులమీఁదను ఉన్నది. ఆ భారమును మనము మోయుట లేదు.

లెక్కల తనిఖీ యననేమో, దానికి ముందుండవలసిన అజమాయిషీ యననేమో ఉయ్యూరు వంటి డెల్టా ఊరివారికి బోధించుటకుఁ బెద్ద గ్రంథములు అక్కఱలేదు. 1852వ సంవత్సరమున మొదలై 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట ముగిసినది మొదలు, 1957లో దాని స్థానమునఁ బ్రకాశము బ్యారేజి వచ్చిన పిమ్మటను, కృష్ణనీరు కాలువలఁ బట్టి మన చేలకు వచ్చుచున్నది. ఆ నీరు నదినుండి చేనికి నొక్క గంతున రాదు. తల తూము, లాకు, పిల్లకాలువ తూము, బోదె. ప్రతి చోటను నీటి మట్టమును జూచుట కొక కొలత పలక, దానిని జూచి పుస్తకమున నెక్కించుట కొక మనుష్యుఁడు. పై తూమున నెంత విడిచిరో యొకఁడు వ్రాయవలెను. క్రింది తూమునకెంత చేరినదో వేఱొకఁడు వ్రాయవలెను. ఆ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడే నడుమ నెక్కడ గండి పడినదో తెలియును. ఒక్కఁడే రెండు లెక్కలను వ్రాసినయెడల శివారు చేను ఎండును గాని పుస్తకము మాత్రము పచ్చగా నుండును.

సొమ్మును నీటివంటిదే. ఒక కార్యాలయమున సరకు కావలెనని యుత్తరువు వ్రాయువాఁడొకఁడు, సరకు వచ్చినదని కొలిచి పుచ్చుకొనువాఁడొకఁడు, చెక్కు వ్రాయువాఁడొకఁడు, క్యాషుబుక్కులో నెక్కించువాఁడొకఁడు, నెల తిరుగఁగానే బ్యాంకువారి లెక్కతో దానిని పోల్చి చూచువాఁడు వీరందఱికంటె వేఱొకఁడు, ఇట్లుండుటయే అజమాయిషీ. ఇది ప్రతిదినము జరుగవలసిన పని. ఏఁటికొకసారి బయటివాఁడు వచ్చి జమాఖర్చుల పట్టిక నిజమా కాదా యని తేల్చుట ఆడిటు. మొదటిది లాకు, రెండవది కాలువ కట్టవెంట నడచి గండ్లను వెదకుట. లాకులు లేని కాలువను ఏఁటికొకసారి చూచి వచ్చినందువలన వచ్చు లాభమేమి? నీరు పోయిన పిమ్మట పోయినదని వ్రాయుటయే కదా! కాఁబట్టి మంచి ఆడిటరు పద్దుల కూడికలు సరిపోయినవా యని చూచుటతోఁ దృప్తి పొందఁడు. ఈ పద్దును ఎవరెవరు చూచిరి, ఒక్కని చేతిలోనే తాళము, పుస్తకము, చెక్కుబుక్కు మూఁడును ఉన్నవా యని మొదట నడుగును.

ఇది దొరలు నేర్పిన విద్య యనియు మన సంప్రదాయమున నమ్మకమే ప్రధానమనియు వాదించువారు కొందఱు గలరు. వారు మన సంప్రదాయమును ఎఱుఁగరు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున అధికారులు రాజు సొమ్మును అపహరించు మార్గములను నలువదింటిని లెక్కించి చూపెను. ఇంత వివరముగా దొంగతనమును పరిశీలించిన జాతికి లెక్కల తనిఖీ పరాయి దగునా? మన గ్రామములలోఁ గరణము వ్రాసిన లెక్కలను జమాబందీనాఁడు పై యధికారి ముందుంచుకొని, అడంగలును రసీదులును ఒకదానితో నొకటి సరిచూచెడివాఁడు. పైరును కన్నులారఁ జూచి అడంగలు నిజమో కాదో తేల్చుటకే అజమాయిషీ యని పేరు. 1984లోఁ గరణముల పదవులు రద్దయినవి గాని ఆ మాట మాత్రము మన నోట మిగిలినది; మాటతోఁగూడ అలవాటు మిగిలియున్నచో మఱింత మేలగును.

భద్రాచల రామదాసు కథ తెలియని తెలుఁగువాఁడు లేఁడు. అబుల్ హసన్ కుతుబ్ షా 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన కాలమునఁ బాల్వంచ తహసీలుదారైన కంచెర్ల గోపన్న, ఖజానాకుఁ జేరవలసిన శిస్తు సొమ్ముతో రామునికి గుడి కట్టించి చెఱసాల పాలాయెను. ఆయన ఆ సొమ్మును స్వంతమునకు వాడుకొనలేదు, భక్తితో వెచ్చించెను. ఐనను అనుమతి లేక యొక పని సొమ్మును మఱియొక పనికి వాడుట నిధుల మళ్ళింపే యని నేఁటి యాడిటరు వ్రాయును, వ్రాయవలెను. అంతకన్న గమనింపఁదగినది కథ చివర నున్నది. రామలక్ష్మణులు మాఱువేషములతో వచ్చి తానాషాకు ఆఱు లక్షలు చెల్లించి, చెల్లు రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న యొద్ద నుంచి పోయిరని మన పెద్దలు చెప్పుదురు. ఈ కథను అల్లిన తెలుఁగువారి బుద్ధి యెంత సూక్ష్మమైనది! దేవుఁడు చెల్లించెను గదా, రసీదెందుకని వారు తలఁపలేదు. భగవంతుఁడే రసీదు పుచ్చుకొన్న దేశమున రసీదడుగుట యవమానమనువారిని ఏమనవలెను?

ఇఁకఁ జట్టముల సంగతి. ఈ దేశమున మొదటి ఆడిటరు జనరలు 1860లో నియమింపఁబడెను. స్వతంత్ర భారత రాజ్యాంగము 148వ అధికరణము మొదలు 151వ అధికరణము వఱకుఁ గంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు అను అధికారికై ప్రత్యేకించినది. సుప్రీముకోర్టు న్యాయమూర్తిని తొలఁగించునంత కష్టమైన విధానముననే గాని యాయనను తొలఁగింప వీలులేదు. 1949 మే నెలలో రాజ్యాంగసభయందు అంబేద్కరు ఈ యధికారి విధులు న్యాయశాఖ విధులకన్నను ముఖ్యమైనవని వాదించెను. ఆయన విధులను వివరించు చట్టము 1971లో వచ్చినది. పంచాయతుల లెక్కల తనిఖీకి 243-జె, పురపాలక సంఘముల లెక్కల తనిఖీకి 243-జడ్ అధికరణములు 1992 నాఁటి సవరణలచేతఁ జేర్పఁబడినవి. ఆంధ్రప్రదేశమున స్థానిక సంస్థల లెక్కలకై 1989లో ప్రత్యేక ఆడిటు చట్టము చేయఁబడినది; నష్టమునకుఁ గారకుఁడైన వానినుండి ఆ సొమ్మును సర్‌చార్జి పేరిట రాఁబట్టు అధికారమును అందుఁ గలదు. ఇన్ని యుండఁగా లోపమెక్కడ నున్నది?

లోపమెక్కడనో ఒక యుదాహరణముచేతఁ జూపుదును. తెలుఁగుభాషాభిమానులకు ఇది మనసు నొప్పించు నుదాహరణము. ఉన్నతవిద్యకుఁ గావలసిన పాఠ్యపుస్తకములను తెలుఁగున సిద్ధపఱచుటకై 1968లో హైదరాబాదున తెలుఁగు అకాడమి స్థాపింపఁబడెను. పేద విద్యార్థులు కొన్న పుస్తకముల సొమ్ము కూడఁగూడ కోట్ల రూపాయలై బ్యాంకులలో ఫిక్సెడ్ డిపాజిట్లుగా నిలిచెను. రాష్ట్రము 2014లో రెండయిన పిమ్మట అకాడమి యాస్తుల పంపకము చాలకాలము తేలకుండెను. 2021 సెప్టెంబరులో డిపాజిట్ల సొమ్మునకై బ్యాంకులకు వెళ్ళి యడుగఁగా, ఆ సొమ్ము ఇంతకుముందే తీసికొనఁబడినదని సమాధానము వచ్చినది. పోయిన మొత్తము ఇంచుమించు 64 కోట్ల రూపాయలు. నకిలీ పత్రములతో డిపాజిట్లను రద్దు చేయించి, అకాడమి పేరిటనే యొక సహకార సంఘమునఁ దెఱచిన ఖాతాలోనికి సొమ్మును మళ్ళించి, అక్కడనుండి రొక్కముగాఁ దీసికొనిరని పోలీసులు ప్రకటించిరి. అరెస్టయినవారిలో అకాడమి లెక్కల విభాగమువారును బ్యాంకులవారును ఉండిరి. ఆ యేఁటనే అదే తీరున విజయవాడ ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ గిడ్డంగుల సంస్థ డిపాజిట్లకును, నూనెగింజల సహకార సమాఖ్య డిపాజిట్లకును హాని కలిగినట్లు బయటపడినది.

నేరమెవరిదో నిర్ణయించుట న్యాయస్థానముల పని; అందు మనము చేయి పెట్టరాదు. మనము చూడవలసినది వేఱు. ఆ సొమ్ము ఒక్క రాత్రిలోఁ బోలేదు. నెలల తరబడి విడతలుగాఁ బోయినది. అంతకాలమును కార్యాలయపు పుస్తకములలో డిపాజిట్లు చెక్కుచెదరక యుండెను. బీరువాలోని రసీదులను జూచి డిపాజిట్లు భద్రముగా నున్నవని తలఁచుట, గోడమీఁది దీపపు బొమ్మను జూచి యిల్లు వెలుఁగుచున్నదని తలఁచుట వంటిది. ఆ రసీదులను దాఁచువాని నడుగక, బ్యాంకు పెద్ద కార్యాలయమునకుఁ దిన్నగా నొక జాబు వ్రాసి, మా పేరిట మీయొద్ద నెంత యున్నదో తెలుపుఁడని మూఁడు మాసములకొకసారి యడిగియున్నచో ఏమయ్యెడిది? మొదటి విడతతోనే దొంగతనము పట్టుపడెడిది. అరువది నాలుగు కోట్లకుఁ గావలి కాయుటకు ఒక తపాలా బిళ్ళ చాలియుండెడిది.

ఇది సర్కారు కార్యాలయములకే కలిగిన రోగము కాదు. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్సు అధిపతి వ్రాసిన జాబులోఁ గంపెనీ చూపిన రొక్కపు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని యొప్పుకొనెను. అక్కడను లోకప్రసిద్ధులైన ఆడిటర్లుండిరి. అక్కడను బ్యాంకు నిలువయే అబద్ధమాయెను. పెద్ద పేరు గల ఆడిటరు సంతకము చేసినంత మాత్రమున లెక్క నిజము కాదు. లెక్క వ్రాసినవాఁడు చూపిన కాగితమునే చూచి సంతకము చేసినచో ఆ తనిఖీ, దొంగను బిలిచి యింట దొంగలున్నారా యని యడుగుటతో సమానము.

కనఁబడు దొంగతనమునకన్నఁ గనఁబడని గజిబిజి యెక్కువ. కొన్ని కార్యాలయములు వివరములు పిమ్మట నిత్తుమని చెప్పి ఖజానానుండి సొమ్ము తీసికొనును. దానిని ఏసీ బిల్లందురు. పిమ్మట వివరములతోఁ డీసీ బిల్లు దాఖలు చేయవలెను. ఆ డీసీ బిల్లులు ఏండ్ల తరబడి రాలేదని ఆడిటరు జనరలు నివేదికలు పలు రాష్ట్రముల విషయమున మాటిమాటికిని వ్రాయుచున్నవి. బజారునకు వెళ్ళిన కొడుకు పదేండ్ల వఱకు లెక్క చెప్పకుండుట యిది! మఱియొక విచిత్రము పీడీ ఖాతాలు. సంచిత నిధినుండి సొమ్మును తీసి ఈ ఖాతాలలో నుంచిన దినముననే యది ఖర్చయినట్లు రాష్ట్రపు లెక్కలలోఁ బడును. సొమ్ము మాత్రము పని చేయకయే అక్కడఁ గూర్చుండును. బీరువాలోని నూఱు రూపాయలను పోపులపెట్టెలోనికి మార్చి, ఖర్చయినదని పద్దు వ్రాసిన కోడలిని మన యత్తలు క్షమింతురా? ప్రభుత్వమును మాత్రము మనము క్షమించుచున్నాము. క్షమించుటకైనను ముందు తెలియవలెను గదా, తెలిసికొనుటయే లేదు.

గ్రామములకు దీనివలన వచ్చు బాధ కల్పితము కాదు. 2021, 2022 సంవత్సరములలో, 14వ, 15వ ఆర్థిక సంఘముల సిఫారసుచేత వచ్చిన నిధులు తమ పంచాయతి తీర్మానము లేకయే విద్యుత్తు బకాయిలక్రింద సర్దుబాటు చేయఁబడినవని ఆంధ్రప్రదేశమునఁ బలువురు సర్పంచులు, పార్టీ భేదము లేక, ఆందోళన చేసిరి. బకాయి యుండెనా లేదా, సర్దుబాటు న్యాయమా కాదా యనుట వేఱు వాదము. ఊరి ఖాతాలోని సొమ్ము ఊరివారికిఁ జెప్పక కదలఁగలదనుటయే ఇక్కడి పాఠము. అది కదలినప్పుడు ఆఁగిపోవునది కాగితములలోని యంకె కాదు. మురుగుకాలువ పూడిక, మంచినీటి గొట్టము మరమ్మతు, వీథిదీపము. లెక్క తప్పిన చోట దోమ పుట్టును. దోమ పుట్టిన చోట జ్వరము పుట్టును. ఆడిటు ఎండు విద్య యనువారు ఈ వరుసను గమనింపవలెను.

ఇప్పుడు ప్రతివాదుల మాటలను విందము. మొదటివారందురు: "లెక్క యడుగుట నిజాయితీ గల యుద్యోగిని అవమానించుట." ఉయ్యూరు చక్కెర కర్మాగారమునకుఁ జెఱకు తోలిన రైతు నడుగుఁడు. నిండు బండిని కాటామీఁద తూఁచుదురు. చెఱకు దింపిన పిమ్మట వట్టి బండిని తిరిగి తూఁచుదురు. రెంటికిని చీటి యిత్తురు. నన్ను నమ్మక రెండు సారులు తూఁచితిరే యని రైతు అలుగలేదు. నా మాట నమ్మక చీటి యడిగితివే యని కాటా గుమాస్తా కోపింపలేదు. వీరమ్మతల్లి తిరునాళ్ళు జరుగు ఊరివారికి హుండీ లెక్కింపు తెలియనిది కాదు. మన దేవాలయములలో హుండీ తెఱచునప్పుడు పదిమంది యెదుట సీలు విప్పి, పదిమంది కూర్చుండి లెక్కించి, పదిమంది విన మొత్తమును చదువుదురు. అది పూజారికి అవమానమా? కాదు, అదియే వానికి రక్ష. లెక్క సరిగా నుంచినవానికి తనిఖీ కవచము. తనిఖీ లేనిచోట నిజాయితీ గలవాఁడును దొంగయు ఒక్క రంగుననే కనఁబడుదురు. అప్పుడు నష్టపోవునది మంచివాఁడే.

రెండవవారందురు: "ఆడిటు భయముచేత పనులు సాఁగవు." ఇందుఁ గొంత నిజము లేకపోలేదు. మూఁడు రూపాయల ఓచరుమీఁద రెవిన్యూ స్టాంపు లేదని యాక్షేపణ వ్రాసి, మూఁడు లక్షల రోడ్డు నేలమీఁద నున్నదో లేదో చూడని యాడిటర్లు గలరు. అట్టి తనిఖీ పనిని ఆఁపును గాని దొంగను ఆఁపదు. దానికి మందు తనిఖీ మానుట కాదు. తనిఖీని బల్లమీఁదినుండి నేలమీఁదికి దింపుట. రోడ్డు లెక్క చూచువాఁడు రోడ్డుమీఁద నడువవలెను. మందుల లెక్క చూచువాఁడు ఆసుపత్రి కొట్టుగదిలోఁ జేయి పెట్టి సీసాలను లెక్కింపవలెను. ఏ పద్దులో మోసమునకు వీలెక్కువయో దానిని ముందుగాను, ఏ పద్దులో వీలు తక్కువయో దానిని పిమ్మటను చూడవలెను. అట్లు చేయు నాడిటరునకు భయపడి ఆఁగిపోవు పని, ఆఁగిపోవలసిన పనియే.

మూఁడవవారు మన బంధువులే. వారందురు: "ఈ లెక్కలు మనకేమి తెలియును? అవి ఇంగ్లీషులో నుండును. అంకెలు కోట్లలో నుండును." ఇంటి యాదాయమునకును వ్యయమునకును నెలనెలయు ముడి వేయు గృహిణికి ఊరి జమాఖర్చు అర్థము కాదనుట వట్టి మాట. జమ యెంత, ఖర్చెంత, నిలువ యెంత, ఆ నిలువ యెక్కడ నున్నది. ప్రశ్నలు ఈ నాలుగే. సున్నలు పెరిగినంత మాత్రమున ప్రశ్న మాఱదు. భాష సంగతియా, అది నిజమైన దోషమే. తెలుఁగువారి సొమ్మునుగుఱించిన నివేదిక తెలుఁగువారికిఁ దెలియని భాషలో నుండుట యన్యాయము. ఆ యన్యాయము మనము ఊరకుండినందువలనఁ దొలఁగునా?

చదువుకొన్నవారు తెలియదనుచున్న ఈ పనిని చదువురాని కూలివారు చేసి చూపిరి. రాజస్థానమునఁ గూలిజనులు 1994లో, పనుల జాబితాలను బహిరంగసభలలోఁ జదివించి, లేనివారి పేరిట వ్రాసిన కూలిని బయటపెట్టిరి. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చుటకు ఆ యుద్యమము ముఖ్య కారణములలో నొకటి. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభింపఁబడినది. ఆ యేఁటనే మన రాష్ట్రమున సామాజిక తనిఖీలు మొదలైనవి. 2009లో ఆ పనికై ప్రత్యేక సంస్థ యేర్పడినది. 2012లోఁ జట్టమును వచ్చినది. తనిఖీ చేయువారు ఇంటింటికిని వెళ్ళి, మస్టరులో నీ పేరిట ఇన్ని దినములు వ్రాసినారు, నీవు పని చేసితివా, కూలి ముట్టినదా యని యడిగిరి. తేలినదానిని మండల ప్రజావేదికలో అధికారుల యెదుట బిగ్గరగాఁ జదివిరి. చనిపోయినవారు పలుగు పట్టి చెఱువు త్రవ్విన వింతలు అట్లు బయటపడినవి. సంతకము చేయ నేరని స్త్రీ, పట్టభద్రుఁడైన యధికారి నెదుట నిలిచి, ఈ వ్రేలిముద్ర నాది కాదు అని చెప్పఁగలిగెను. మనము పట్టభద్రులమై యుండియు మన పురపాలక సంఘపు ఆడిటు నివేదిక యే రంగు అట్టతో నుండునో యెఱుఁగము!

ఐనను ఆ ప్రయత్నమునందలి లోటును దాఁచరాదు. పట్టుపడిన సొమ్ములోఁ దిరిగి రాఁబట్టఁబడినది స్వల్పభాగమే. చదివిరి, విన్నారు, చప్పట్లు కొట్టిరి. సొమ్ము మాత్రము రాలేదు. చదువుట మొదటి మెట్టు. రాఁబట్టుట చివరి మెట్టు. నడుమ మెట్లు విఱిగియున్నవి. ఆక్షేపణకు సమాధానము ఇన్ని దినములలో రావలెనను నియమము కాగితమున నుండి ఆచరణమున లేకపోవుటయే ఆ విఱుగుడు. ఏఁడు గడచుకొలఁది ఉద్యోగి బదిలీ యగును, పుస్తకము చెదలు పట్టును, ఆక్షేపణ మాత్రము తరువాతి నివేదికలోనికి పాతపడిన సంచివలె మోయఁబడును. పదేండ్లు నిలిచిన ఆక్షేపణ ఆక్షేపణ కాదు, అనుమతి.

కావున మనము కోరవలసినవి నాలుగు. ఆడిటు నివేదిక సారాంశము నాలుగు పుటలకు మించక, తెలుఁగున, కార్యాలయపు గోడమీఁద అంటింపఁబడవలెను. గ్రామమున నైనచో గ్రామసభలోఁ, పట్టణమున నైనచో వార్డు సభలోఁ, జదువఁబడవలెను. బ్యాంకు నిలువలును డిపాజిట్లును కార్యాలయమువారి రసీదులనుబట్టి కాక బ్యాంకువారి జాబునుబట్టి ఆడిటరు తానే నిర్ధారించుకొనవలెను. ఉత్తరువు, సరకు, చెల్లింపు, పద్దు, ఈ నాలుగును ఒక్క చేతిలో నుండరాదు; సిబ్బంది చాలరనుట సాకుగా నుండరాదు, చాలనిచోట ప్రక్క కార్యాలయమువానితో సంతకము చేయింపవచ్చును. నిలిచిపోయిన ఆక్షేపణల జాబితాయు, వానికి బాధ్యులైనవారి హోదాయు, ఏఁటేఁట ప్రకటింపఁబడవలెను.

వీనిలోఁ గొన్ని ప్రభుత్వము చేయవలసినవి. మనము చేయవలసినది మనకుఁ గలదు. దానికి ఉత్తరువు అక్కఱలేదు. సమాచార హక్కు చట్టముక్రింద ముప్పది దినములలో సమాధాన మీయవలసినదే. పది యిండ్లవారు కలసి ఒక్క అర్జీ వ్రాసి, మా యూరి గడచిన సంవత్సరపు జమాఖర్చుల పట్టికయు, ఆడిటు నివేదికయు, దానికిచ్చిన సమాధానములును కావలెనని యడుగవచ్చును. వచ్చిన కాగితములను ఒక ఆదివారము మధ్యాహ్నము ఒకరి వసారాలోఁ గూర్చుండి చదువవచ్చును. లెక్కలు చదివిన పిల్లలు ప్రతి యింటను ఉన్నారు. వారిచేతఁ గూడికలు వేయింపవచ్చును. పట్టికలో నున్న మురుగుకాలువ వీథిలో నున్నదో లేదో సాయంకాలము నడకకుఁ బోయినవారు చూచి రావచ్చును. ఉయ్యూరును పేరు పెట్టి చెప్పుట అక్కడ దోషము కలదని కాదు. లెక్క సరిగా నున్న యూరు దానిని చూపుటకు మొదటిదిగా నుండవలెనని. దోషము లేదని తేలినచో మన యుద్యోగులకుఁ గీర్తి. కలదని తేలినచో మన బిడ్డలకు మేలు. ఏది తేలినను నష్టపడువాఁడు దొంగ యొక్కఁడే.

స్త్రీవిద్యకై వాదించిన తరమువారు, చదివిన స్త్రీ యింటి పద్దు వ్రాసికొనఁగలదని చెప్పి లోకమును ఒప్పించిరి. ఆ విద్య యింటి గడపయొద్ద ఆఁగిపోరాదు. ఇల్లు మనదే, వీథియు మనదే; ఇంటి సొమ్ము మన చెమట, ఊరి సొమ్మును మన చెమటయే. మన చెమటకు లెక్క యడుగుటకు సిగ్గుపడినంత కాలము, లెక్క చెప్పవలసినవాఁడు సిగ్గుపడఁడు. ఈ నెలలోనే, పన్ను రసీదు చేతికి వచ్చిన దినముననే, రెండవ కాగితమును గూడ అడుగుఁడు: పుచ్చుకొన్న సొమ్మును ఏమి చేసితిరి?